335 మీద మోజు, చేతిలో చవక సెమీ హాలో: కొన్నేళ్లు వాడాక

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లలో దాదాపు అందరికీ ఏదో ఒక ఆకారం మీద మనసు పడి ఉంటుంది. కొందరికి స్ట్రాట్, కొందరికి లెస్ పాల్, నాకు మాత్రం గిబ్సన్ ఈఎస్-335. పైన రెండు గుండ్రటి కొమ్ములు, బాడీ మీద అటొకటి ఇటొకటి ఎఫ్ ఆకారపు కోతలు, ఆ చెర్రీ ఎరుపు. పాత రికార్డింగులు వింటూ "ఇది కచ్చితంగా 335యే" అని చెవులు రిక్కించిన సందర్భాలకు లెక్క లేదు. కొనే స్తోమత అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందుకని అదే కొలతల్లో చేసిన ఒక చవక సెమీ హాలో, అంటే బాడీ సగం బోలుగా ఉండే గిటార్, కొని, కొన్నేళ్లుగా దాన్నే రోజూ వాయిస్తున్నాను. ఈ సమీక్ష దాని గురించే. బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. ఈ తరగతిలో ఒకే మోడల్‌లోనే ఒక పీసుకీ ఇంకో పీసుకీ బోలెడు తేడా ఉంటుంది, నా పీసులో ఉన్న లోపాలు చదివి ఫలానా కంపెనీయే పనికిరాదని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం.

ముందు అసలు ఈ మోజు దేని మీదో తేల్చుకోవాలి, ఎందుకంటే చవకలో ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. 335 రాకముందు ప్రధానంగా రెండే రకాలు: లోపలంతా బోలుగా ఉండే జాజ్ గిటార్లు, లేదంటే ఒక్క చెక్కలోంచి కోసినట్టుండే సాలిడ్ బాడీలు. బోలు గిటార్ గొంతు బాగుంటుంది కానీ యాంప్ (యాంప్లిఫయర్) పెంచగానే ఆ శబ్దానికి పై చెక్క అదిరి, ఆ అదురు మళ్లీ పికప్‌లోకి (తీగల అదురుని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) వెళ్లి, చివరికి కూ అని ఊళ మొదలవుతుంది. సాలిడ్‌కి ఆ బాధ తక్కువ, కానీ ఆ గొంతు రాదు. 1958లో, టెడ్ మెకార్టీ గిబ్సన్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, వాళ్లు బోలు బాడీని పల్చగా చేసి, మధ్యలో నెక్ దగ్గర్నుంచి కింది అంచు దాకా ఒక మేపుల్ దిమ్మె పెట్టారు. అదే సెంటర్ బ్లాక్. పికప్‌లు, బ్రిడ్జ్ ఆ దిమ్మె మీద కూర్చుంటాయి, రెక్కలు రెండూ బోలుగానే ఉంటాయి. ఉపాయం మొత్తం ఇంతే, దీంట్లో ఖరీదైన రహస్యం ఏమీ లేదు, అందుకే చవక ఫ్యాక్టరీలు కూడా దీన్ని బాగానే చేయగలుగుతున్నాయి.

ఇంకో మాట. చవక సెమీ హాలోని "ప్లైవుడ్ గిటార్" అని తీసిపారేసేవాళ్లు చాలామంది తగులుతారు. అసలు 335 పై చెక్కా, వెనక చెక్కా కూడా పొరలు అతికించినవే బాబూ, మేపుల్ మధ్యలో పాప్లర్ పొర. పొరల చెక్కని అచ్చులో నొక్కితే ఆ ఉబ్బెత్తు వంపు సులువుగా వస్తుంది, పైగా గట్టిగా ఉండి ఊళ కాస్త తగ్గుతుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో మాత్రం మన గిటార్ అసలుదానికి నిజమైన చుట్టమే.

ఇక సౌండ్. నెక్ పికప్ పెట్టి, యాంప్‌ని శుభ్రంగా కాకుండా, అలాగని పూర్తిగా చిరిగిపోకుండా, గట్టిగా మీటితే మాత్రమే కాస్త గరగరలాడేంత గెయిన్‌లో ఉంచితే, నాకు కావాల్సింది అక్కడ దొరుకుతుంది. స్వరం మొదలు మెత్తగా ఉంటుంది, ఆ వెనకే కొంచెం గాలి ఆడినట్టు అనిపిస్తుంది, సాలిడ్ బాడీలో ఉండే ఆ బిగుతు ఉండదు. బ్లూస్ బెండ్లకి (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం), సెవెంత్, నైన్త్ కార్డులకి ఇంతకంటే హాయి ఇంకోటి లేదు నాకు. కానీ గెయిన్ బాగా పెంచి రాక్ వాయించడానికి కొంటే మాత్రం డబ్బు దండగ, ఆ మోతలో దీనికీ లెస్ పాల్ తరహా గిటార్‌కీ తేడా దాదాపు కనపడదు, ఊళ బాధ మాత్రం అదనంగా మిగులుతుంది.

కొత్తలో నా నెక్ పికప్ బురదబురదగా ఉండేది, లావు తీగల మీద ఏం వాయించినా ఒకే ముద్ద. పికప్ మార్చేయాలని అందరూ చెప్పారు. మార్చలేదు. దాని రెండు పక్కలా ఉండే ఎత్తు స్క్రూల్లో లావు తీగ వైపుది కొంచెం కొంచెంగా దించుతూ, సన్న తీగ వైపు అలాగే ఉంచి, ప్రతిసారీ అదే కార్డు వాయించి చూశాను. ఒక చోటికి వచ్చేసరికి కార్డులోని స్వరాలు విడివిడిగా వినపడటం మొదలైంది. ఖర్చు సున్నా. పికప్ కొనే ముందు స్క్రూడ్రైవర్ తీయండి, అదే నా సలహా. రెండు పికప్‌లూ కలిపే మధ్య పొజిషన్‌లో నెక్ వాల్యూమ్ కాస్త తగ్గించి వాయించడం కూడా అలవాటు చేసుకోండి, ఒక్కసారిగా గొంతు పల్చబడి, లోపల ఖాళీ ఉన్నట్టు పలుకుతుంది. రెండు వాల్యూములు, రెండు టోన్‌లు ఇచ్చింది అందుకే, చాలామంది అన్నీ పదిలో పెట్టేసి మర్చిపోతారు.

అసలు సమస్య ఆ నాబ్‌ల కిందే ఉంది. చవక గిటార్లలో పాట్‌లు, అంటే నాబ్ తిప్పితే వాల్యూమ్, టోన్ మార్చే భాగాలు, చిన్నవి, నాసిగా ఉంటాయి. నాదాంట్లో వాల్యూమ్ పది నుంచి ఎనిమిదికి తగ్గించేలోపే సగం పడిపోయేది, ఆ తర్వాత ఎంత తిప్పినా తేడా తెలిసేది కాదు, పైగా తగ్గించగానే ట్రెబుల్ మాయమై దుప్పటి కప్పినట్టు అయ్యేది. కేబుల్ గుచ్చే జాక్ నట్టు కూడా తరచూ వదులయ్యేది. కేబుల్ పెట్టి తీసినప్పుడల్లా జాక్ తిరిగి, లోపల వైరు మెలిపడి, ఒకరోజు తెగింది. సాలిడ్ బాడీ అయితే వెనక మూత తీస్తే అయిపోయేది. ఇక్కడ మూత ఉండదు, ఉన్న దారల్లా ఆ ఎఫ్ ఆకారపు కోత, ఎఫ్-హోల్ ఒక్కటే.

ఆ పని ఎలా ఉంటుందో ఒకసారి చెప్తాను, మీరే చేసుకోవాలో వద్దో నిర్ణయించుకోవచ్చు. నట్టు విప్పే ముందు ప్రతి పాట్ కడ్డీకీ ఒక గట్టి దారం కట్టాలి. అప్పుడు దాన్ని లోపలికి వదిలి, ఎఫ్-హోల్‌లోంచి వంచిన కమ్మీతో మెల్లగా బయటికి లాగాలి, దారం రెండో కొస మాత్రం పాట్ రంధ్రంలోంచి బయటే ఉండాలి, లేకపోతే మళ్లీ దాన్ని చోటికి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. కొత్త వైరింగ్ అంతా బయటే, అట్టముక్క మీద గిటార్ రంధ్రాల దూరాలకి సరిపడా గుర్తులు పెట్టుకుని, అక్కడే సోల్డర్ చేసి, మొత్తం గుత్తిలా లోపలికి తోసి, ఒక్కొక్క దారం లాగుతూ కడ్డీలను రంధ్రాల్లోంచి పైకి తేవాలి. జాక్‌కి దారం కట్టడం కుదరదు, దాని నోట్లో సరిగ్గా బిగిసే సన్నటి ప్లాస్టిక్ గొట్టం దూర్చి లాగితే వస్తుంది. ఇంకో చిక్కు: మంచి పెద్ద పాట్‌ల కడ్డీ లావు, చవక గిటార్ రంధ్రం చిన్నది. రీమర్‌తో మెల్లగా వెడల్పు చేయాలి, డ్రిల్ పెడితే పైన లక్క పెచ్చులూడుతుంది. ఇదంతా అయ్యాక, టోన్ కెపాసిటర్‌ని వాల్యూమ్ పాట్ మధ్య కాలుకి కలిపే పాత 1950ల పద్ధతి వైరింగ్ వేయించుకున్నాను. వాల్యూమ్ తగ్గించినా గొంతు మూసుకుపోవడం లేదు. ఈ గిటార్ మీద పెట్టిన ఖర్చులో నాకు బాగా గిట్టుబాటు అయింది ఇదొక్కటే. సోల్డరింగ్ చేతకాకపోతే మాత్రం పని తెలిసిన రిపేరు మనిషికే ఇవ్వండి, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

ట్యూనింగ్ గురించి. బెండ్ చేసిన ప్రతిసారీ మూడో తీగ శ్రుతి తప్పుతుంటే ట్యూనర్లను తిట్టుకోవడం అందరూ చేసే పని. కానీ దోషం ఎక్కువగా నట్‌ది, అంటే నెక్ పై కొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీది. ఈ తరహా హెడ్‌స్టాక్‌లో మూడు ట్యూనర్లు ఒక పక్క, మూడు ఇంకో పక్క, మధ్య తీగలు రెండూ నట్ దాటాక పక్కకి విరుచుకుని పోతాయి, గాడి ఇరుకుగా ఉంటే అక్కడ తీగ ఇరుక్కుంటుంది. శ్రుతి చేస్తున్నప్పుడు టింగ్ అని చిన్న చప్పుడు వచ్చి స్వరం ఒక్కసారిగా ఎగిరిందంటే అదే సంగతి. గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దితే కొంతకాలం ఆగింది, తర్వాత బోన్ నట్ వేయించాక పూర్తిగా పోయింది. ట్యూనర్లు మాత్రం ఫ్యాక్టరీవే, ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి.

ఊళ విషయంలో సెంటర్ బ్లాక్ ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. చిన్న గదిలో యాంప్‌కి ఎదురుగా నిలబడితే ఇది కూడా మొదలుపెడుతుంది, ముఖ్యంగా లావు స్వరాల దగ్గర. బ్లూస్ దిగ్గజం బి.బి. కింగ్ లాంటివాడే తన గిటార్ ఎఫ్-హోల్స్‌లో గుడ్డలు కుక్కేవాడు, ఆ తర్వాత 1980లో గిబ్సన్ ఆయన పేరు మీద చేసిన లూసిల్ మోడల్‌కి అసలు ఎఫ్-హోల్సే పెట్టలేదు. నేను బ్యాండ్‌తో వాయించేటప్పుడు మెత్తటి స్పాంజ్ ముక్కలు పెడతాను, ఇంట్లో తీసేస్తాను. అయితే ఇదే ఊళ మంచిగా వాడుకుంటే వరం కూడా: సరైన దూరంలో నిలబడితే ఒక స్వరం అలా తేలుతూ నిలబడుతుంది, సాలిడ్‌లో అంత సులువుగా రాదు.

రోజూ వాడకంలో తెలిసేవి ఇంకొన్ని. బాడీ వెడల్పు దాదాపు 16 అంగుళాలు, కాబట్టి కూర్చుని వాయిస్తే కుడి మోచేయి కాస్త పైకి లేచి ఉంటుంది, అలవాటయ్యేదాకా భుజం నొప్పి. మామూలు గిటార్ బ్యాగులో పట్టదు. బరువు తక్కువ అనుకుంటారు, సెంటర్ బ్లాక్ వల్ల అదేం కాదు. యాంప్ లేకుండా కూడా నాకు వినపడేంత పలుకుతుంది, అందరూ పడుకున్నాక ప్రాక్టీస్ చేయడానికి ఇంతకంటే మంచిది లేదు. పొడి వాతావరణంలో ఫ్రెట్‌బోర్డ్ చెక్క కుంచించుకుని ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) కొసలు గుచ్చుకునేవి, ఒకసారి సన్నగా అరగదీయించాను, మళ్లీ రాలేదు. పాలీ ఫినిష్ దళసరిగా ఉంది, గీత పడదు, అసలు గిబ్సన్ నైట్రో ఫినిష్‌లా వయసు మీద పడదు కూడా. నాకు అది కొంచెం వెలితే, చూపుకి ఎప్పుడూ నిన్ననే కొన్నట్టు ఉంటుంది.

మిగతా ప్రత్యామ్నాయాలు. ఎపిఫోన్‌ని 1957లోనే గిబ్సన్ కొనేసింది, కాబట్టి వాళ్ల ఈఎస్-335 ఆకారంలో, పేరులో అన్నింటికంటే దగ్గరిది. వాళ్లదే షెరటన్ అదే ఎముకల గూడు, పైన నగలు ఎక్కువ. ఐబనెజ్ ఆర్ట్‌కోర్ ఏఎస్ వరసలో నెక్ సన్నగా ఉంటుంది, చిన్న చేతులవాళ్లు ముందు అది చూడాలి. గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్ సెంటర్ బ్లాక్ పికప్‌ల గొంతు వేరు, కాస్త మెరుపు ఎక్కువ. ఎపిఫోన్ క్యాసినో చూసి చాలామంది పొరబడతారు, ఆకారం ఒకటే కానీ లోపల దిమ్మె ఉండదు, పూర్తి బోలు, పికప్‌లు కూడా ఒక్క చుట్ట ఉండే పీ-90లు. అది వేరే గిటార్, దాని మీద మోజు ఉంటే తప్ప కొనవద్దు. అనుమానంగా ఉంటే ఎఫ్-హోల్‌లోకి టార్చ్ వేసి చూడండి, చెక్క గోడ అడ్డుంటే బ్లాక్ ఉన్నట్టు, అవతలి ఎఫ్-హోల్‌లోంచి వెలుతురు కనపడితే లేనట్టు. ఇంత పెద్ద బాడీ వద్దనుకునేవాళ్లు ఫెండర్ టెలీకాస్టర్ థిన్‌లైన్ తరహా చూడొచ్చు. తమాషా ఏమిటంటే, గిబ్సన్‌లో హంబకర్ (రెండు చుట్టల పికప్) కనిపెట్టిన సెత్ లవరే తర్వాత ఫెండర్‌కి వెళ్లి 1972 థిన్‌లైన్‌లో పెట్టిన వైడ్ రేంజ్ హంబకర్ చేశాడు.

కొనేటప్పుడు యాంప్‌కి కలపకముందే నెక్ మీద చేయి పెట్టి చూడండి. వంపు, మందం, ఫ్రెట్లు సమంగా ఉన్నాయా, ఏ ఫ్రెట్ దగ్గరైనా తీగ గీరుకుంటోందా. పికప్, పాట్, నట్, ట్యూనర్ అన్నీ తర్వాత మార్చుకోవచ్చు, నెక్ నచ్చకపోతే చేసేదేమీ లేదు. రంగు చూసి కొనేవాళ్లకి ఇది చెప్పినా ఎక్కదు, అది వేరే సంగతి.

అసలు 335 వాయించే అవకాశం అప్పుడప్పుడు దొరికింది. ధరలో ఉన్నంత తేడా సౌండ్‌లో ఉందా అంటే లేదు. తేడానే లేదా అంటే ఉంది. నెక్ అంచులు చేతికి అరిగిన చెక్కలా తగులుతాయి, వాల్యూమ్ నాబ్ తిప్పిన కొద్దీ ఒక్కో గొంతు వస్తుంది, కార్డులో ప్రతి తీగా తన మాట తను చెప్తుంది. ఇంటికొచ్చి నాది పట్టుకుంటే ఒక పూట బెంగగా ఉంటుంది, మర్నాటికి తగ్గుతుంది.

ఇప్పుడు రెండో, మూడో తీగల కింద ఫ్రెట్లు గుంతలు పడ్డాయి, బెండ్ చేస్తే గరుకుగా తగులుతోంది. పూర్తిగా కొత్త ఫ్రెట్లు వేయించాలంటే ఈ గిటార్ ధరలో చెప్పుకోదగ్గ భాగమే అవుతుంది, "చవక గిటార్‌కి అంత పెట్టడమేమిటి, ఆ డబ్బు అసలుదానికి దాచుకోవచ్చుగా" అని తెలిసినవాళ్లు అంటున్నారు. దాచుకుంటే ఎప్పటికి అవుతుందో నాకు తెలుసు. ముందు ఉన్నవాటిని లెవెల్ చేయిస్తాను, దాంతో కుదరకపోతే స్టెయిన్‌లెస్ ఫ్రెట్లే వేయిస్తాను.