బురాయ్ కొవ్వొత్తి: జూరేంజర్‌నీ పవర్ రేంజర్స్‌నీ ఏళ్ల తరబడి చూశాక

జపాన్ వాళ్ల పిల్లల టీవీ సీరియల్ జూరేంజర్, దాని ఫైట్లు తీసుకుని అమెరికాలో తయారు చేసిన పవర్ రేంజర్స్ మొదటి సీజన్ - రెండూ మా ఇంట్లో ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. ఐదు రంగుల డ్రెస్సులు, డైనోసార్ యంత్రాలు, చివర్లో రాక్షసుడు కొండంత పెరగడం ఇవన్నీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. ఈ రెంటిలో నన్ను ఇన్నాళ్లూ వదలనిది ఒక్క పచ్చ కొవ్వొత్తి. దాని గురించే రాస్తున్నాను.

చాలామందిలాగే నేనూ ముందు చూసింది అమెరికా వాళ్లదే. గ్రీన్ రేంజర్ టామీ అంటే పిచ్చి. స్కూల్లో కొత్తగా చేరిన కుర్రాడు, మంత్రగత్తె రీటా మంత్రానికి లొంగిపోయి మిగతా ఐదుగురినీ ఉతికేస్తాడు, ఐదు భాగాల తర్వాత మంత్రం వీగిపోయి వాళ్లతోనే కలుస్తాడు. జేసన్ డేవిడ్ ఫ్రాంక్ ఆ పాత్రలో ఎంత బాగున్నాడంటే, అతను లేని ఎపిసోడ్ చప్పగా ఉండేది. అతను బాకుని వేణువులా పెదాల దగ్గర పెట్టుకుని వాయిస్తే సముద్రంలోంచి డ్రాగన్ లేస్తుంది. ఆ పాట వినపడితే చాలు, ఇక గెలిచినట్టే.

పెద్దయ్యాక, ఇక్కడ న్యూజెర్సీలో స్థిరపడ్డాక, జూరేంజర్ డీవీడీ సెట్ కొన్నాను. 2015లో ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో వచ్చింది. అందులో ఆకుపచ్చ డ్రెస్ వేసుకునేది బురాయ్. ఇతని మీద ఎవరి మంత్రమూ లేదు. కోపం సొంతం. ఎర్ర డ్రెస్ గెకి ఇతని తమ్ముడే. గెకి పసివాడిగా ఉన్నప్పుడే పిల్లల్లేని రాజు ఇంటికి వెళ్లిపోయి యువరాజుగా పెరిగాడు. ఆ రాజు చేతిలోనే వీళ్ల కన్నతండ్రి చనిపోయాడు. ఆ పగ తమ్ముడి మీద తీర్చుకోవడానికి అన్న వచ్చాడు. కర్ణుడి కథ వింటూ పెరిగిన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక్క తేడా, ఇక్కడ కత్తులు దించాక అన్నదమ్ములు కలుసుకుంటారు.

కలుసుకున్నాక అసలు దెబ్బ తగులుతుంది. బురాయ్‌కి మిగిలిన ఆయుష్షు 30 గంటలు. ఆ ఆయుష్షే ఒక పచ్చ కొవ్వొత్తిగా వెలుగుతూ ఉంటుంది. కాలం కదలని ఒక గది ఉంది, అందులో కూర్చున్నంతసేపూ ఆయుష్షు తరగదు. బయటికి అడుగు పెడితే మాత్రం కరగడం మొదలవుతుంది. కాబట్టి అతను అక్కడే ఒంటరిగా కూర్చుని, తమ్ముడు పీకల మీదికి తెచ్చుకున్నప్పుడు మాత్రమే బయటికి రావాలి.

ఇది తెలిశాక మొత్తం సీరియల్ చూసే తీరే మారిపోతుంది. ఐదుగురూ నేలకి కరుచుకుపోయి ఉంటారు, ఇక అయిపోయింది అనుకుంటాం, అప్పుడు దూరం నుంచి వేణువు వినిపిస్తుంది. మనసు ఎగిరి గంతేస్తుంది. మరుక్షణమే టెన్షన్ పట్టుకుంటుంది. వచ్చాడు సరే, ఎన్ని నిమిషాలు ఖర్చయ్యాయి? త్వరగా కొట్టేసి లోపలికి వెళ్లిపోతే బాగుండు. ఫైట్ కాస్త సాగితే అతను కాదు, మనం ఊపిరి బిగబట్టుకుంటాం. హీరో రాక సంతోషాన్నీ భయాన్నీ ఒకేసారి ఇవ్వడం నేను పిల్లల సీరియల్స్‌లో ఇంకెక్కడా చూడలేదు.

విచిత్రం ఏమిటంటే, అవే షాట్లు, అదే వేణువు అమెరికా సీరియల్‌లోనూ ఉన్నాయి. ముసుగుల ఫైట్లు చాలావరకు జపాన్‌లో తీసినవే కదా. కానీ అక్కడ వేణువు వింటే సంతోషం ఒక్కటే. జపాన్‌లో బురాయ్ తక్కువసార్లు బయటికి వచ్చాడు కాబట్టి అమెరికా వాళ్లకి దొరికిన ఆకుపచ్చ డ్రెస్ షాట్లు తక్కువ. అందుకే టామీ చాలాసార్లు ఎక్కడో ఉండిపోతాడు, ఆలస్యంగా వస్తాడు, లేదా అసలు రాడు. చిన్నప్పుడు ఇది నాకు అర్థమయ్యేది కాదు, అంత బలవంతుడు ఉండి కూడా ఎందుకు పిలవరని. జూరేంజర్ చూస్తే ప్రతి గైర్హాజరీ వెనక ఒక కారణం ఉంది. అతను రాకపోవడమే కథ.

కొవ్వొత్తిని వాళ్లూ వాడుకున్నారు, రెండు భాగాలుగా. అయితే అక్కడ కరిగేది ప్రాణం కాదు, శక్తి. రీటా దగ్గర వెలుగుతున్న కొవ్వొత్తి ఆరిపోతే టామీ శక్తి ఆమెకి దక్కుతుంది. అది జరగకుండా అతను తన శక్తిని అక్కడి ఎర్ర డ్రెస్ కుర్రాడు జేసన్‌కి ఇచ్చేస్తాడు. ఆ కథ చివర మామూలు కుర్రాడిగా మిగులుతాడు, అంతే. మొదటిసారి రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత గొప్ప సంగతిని చేతిలో పెట్టుకుని ఎలా పలచన చేశారని చాలా ఏళ్లు ఎవరితో మాట్లాడినా ఇదే వాదించేవాణ్ని.

ఆ వాదన మా అమ్మాయితో చూశాక కొంచెం మెత్తబడింది.

దానికి అప్పుడు ఆరేళ్లు. సబ్‌టైటిల్స్ చదవలేదు కాబట్టి పక్కన కూర్చుని నేనే తెలుగులో చెబుతూ పోయేవాణ్ని. మా ఇంట్లో బురాయ్ గెకిని "తమ్ముడూ" అనే పిలిచాడు, గెకి "అన్నయ్యా" అనే ఏడ్చాడు. అప్పటికే అది అమెరికా సీరియల్ చూసేసింది కాబట్టి వేణువు వినగానే చప్పట్లు కొట్టేది. కొవ్వొత్తి సంగతి తెలిశాక చప్పట్లు ఆగిపోయాయి. వేణువు మొదలవగానే "వద్దు, రావద్దని చెప్పు నాన్నా" అనడం మొదలుపెట్టింది. నాకు లోలోపల గర్వంగా కూడా అనిపించింది, సీరియల్ ఎంత బాగా పట్టుకుందో అని.

42వ భాగం వచ్చింది. జపాన్‌లో ఇది 1992 డిసెంబర్‌లో, శుక్రవారం సాయంత్రం పిల్లలు టీవీ ముందు కూర్చునే వేళకి వచ్చింది. ఒక పిల్లవాడి ప్రాణం కోసం బురాయ్ ఆ గది వదిలి వస్తాడు, ఇక వెనక్కి వెళ్లే వీల్లేదని తెలిసి కూడా. కొవ్వొత్తి ఆరిపోతుంది. ఆయుధం తమ్ముడి చేతికి వస్తుంది. మళ్లీ లేవడు. చివరి నిమిషంలో వరమూ లేదు, మాయా లేదు. బురాయ్‌గా వేసిన షిరో ఇజుమి ఆ సన్నివేశంలో గొంతు పెంచకుండా చేశాడు, నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

మా అమ్మాయి ఏడవలేదు. రాత్రి అన్నం దగ్గర, "మరి రేపు లేస్తాడా?" అంది. లేవడని చెప్పాను. ఆ తర్వాత చాలా రోజులు ఆ డిస్కులు ముట్టుకోనివ్వలేదు. వాళ్ల తాతయ్యకి ఒంట్లో బాగాలేదని ఫోన్‌లో వింటే, "ఆయన్ని గదిలోనే ఉండమని చెప్పండి" అంది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు చెప్పక్కర్లేదు.

చివరికి తనే వెళ్లి అమెరికా సీరియల్ రెండో సీజన్ పెట్టమంది. అందులో టామీ తెల్ల డ్రెస్‌లో తిరిగి వస్తాడు. ఆ తెల్ల డ్రెస్ జూరేంజర్‌ది కాదు, దాని తర్వాత వచ్చిన డైరేంజర్‌ది. అక్కడ అది వేసుకునేది కో అనే చిన్న పిల్లాడు, రూపం మారగానే పెద్దవాళ్లంత ఎత్తు అవుతాడు. అమెరికా వాళ్లు ఆ డ్రెస్ తెచ్చి టామీకి తొడిగారు. ఎక్కడెక్కడి ముక్కలో అతికించారని నేను తీసిపారేసిన ఎపిసోడ్ అది. మా అమ్మాయి మాత్రం ముసుగు తీసి టామీ నవ్వగానే సోఫా మీద నిలబడి అరిచింది. ఆ అరుపు విన్నాక, చనిపోనివ్వకపోవడాన్ని పిరికితనం అనడం నావల్ల కాలేదు. అయినా కొవ్వొత్తి విషయంలో జపాన్ వాళ్లదే పైచేయి అని ఇప్పటికీ అంటాను, కాస్త మెల్లగా.

జూరేంజర్‌ని నెత్తిన పెట్టుకునే వాళ్లకి ఇంకో మాట. 50 భాగాల్లో బురాయ్ కథ నడిచేవి కొన్నే. మధ్యలో ఈ వారం ఒక రాక్షసుడు, ఈ వారం ఒక అల్లరి పిల్లాడు అంటూ సాగదీసిన ఎపిసోడ్లు చాలా ఉన్నాయి. రెండోసారి చూసేటప్పుడు వాటిని దాటేశాను. వాటిలో కూడా కూర్చోబెట్టేది మంత్రగత్తె బందోరాగా వేసిన మచికో సోగా ఒక్కరే. అమెరికాలో ఈమె షాట్ల మీదే వేరే గొంతు పెట్టి రీటాని చేశారు. గొంతు బాగానే కుదిరింది కానీ, బందోరాకి చనిపోయిన ఒక కొడుకు ఉన్నాడన్న సంగతి అక్కడ లేదు. చివరి భాగాల్లో ఆ కొడుకు కోసం ఆమె కార్చిన కన్నీళ్లే ఆమె మంత్రశక్తిని పోగొడతాయి. బురాయ్ పోయాక ఇక చూడటానికేముంది అని ఆపేసే వాళ్లు ఇది పోగొట్టుకుంటారు.

కొనాలా అంటే, నాలాగా చిన్నప్పుడు టామీని చూసి పెరిగి, సబ్‌టైటిల్స్ చదివే ఓపిక ఉన్నవాళ్లయితే కొనండి. ఇంగ్లిష్ డబ్బింగ్ లేదు, పిల్లలకి మీరే కథ చెప్పాల్సి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు మంచాన ఉన్న రోజుల్లో మాత్రం 42వ భాగాన్ని పిల్లలకి చూపించకండి. మా అమ్మాయికి ఇప్పుడు పదేళ్లు దాటాయి, జూరేంజర్ మళ్లీ మొదటి నుంచి పెట్టమంటోంది. 41 వరకు చూసి ఆపేద్దామని షరతు పెట్టింది.