పోవిస్ కోట చూసినవాళ్లు అబెరిస్ట్‌విత్ కూడా వెళ్లాలి

వేల్స్‌లో కోటలకు కొదవ లేదు. తెలుగువాళ్లకి ఒక్కదానికే టైమ్ ఉందంటే మాత్రం నేను పోవిస్ పేరే చెబుతాను. దాంతోపాటు ఆ కోట కాగితాలు దాచిన అబెరిస్ట్‌విత్ లైబ్రరీకి కూడా వెళ్లి తీరాలంటాను. కోటలో మనకు కనబడేది సంపద. అది ఎవరి దగ్గర్నుంచి, ఏ లెక్కన వసూలైందో తెలిసేది లైబ్రరీలో. నేనూ మా ఆవిడా బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో బయల్దేరి ష్రూస్‌బరీ, వెల్ష్‌పూల్, అబెరిస్ట్‌విత్ చూసుకుంటూ వెళ్లాం. ఎక్కడ దిగితే బాగుంటుంది, ఎక్కడ డబ్బు దండగ, ఎక్కడ ఎక్కువసేపు గడపాలి అన్నది మాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ముందు మనకీ పోవిస్‌కీ ఉన్న సంబంధం చెప్పాలి. 13వ శతాబ్దంలో వెల్ష్ రాజవంశీకుడు గ్రుఫుద్ అప్ గ్వెన్‌విన్‌విన్ కాలంనాటి కోట ఇది. 1587లో సర్ ఎడ్వర్డ్ హెర్బర్ట్ కొన్నాడు. ఆ వంశపు ఆడపిల్ల హెన్రియెట్టా 1784లో ఎడ్వర్డ్ క్లైవ్‌ని పెళ్లాడింది. ఈ ఎడ్వర్డ్ ఎవరో కాదు, ప్లాసీ యుద్ధం చేసిన రాబర్ట్ క్లైవ్ కొడుకు. తండ్రి 1765లో మొఘల్ చక్రవర్తి షా ఆలం చేత ఉత్తర సర్కారుల ఫర్మానా రాయించుకున్నాడు. కొడుకు 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోయింది (1799), నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించింది (1800), మద్రాసు ప్రభుత్వం జమీందార్లు కట్టాల్సిన శిస్తుని శాశ్వతంగా ఖాయం చేసే పర్మనెంట్ సెటిల్‌మెంట్ రెగ్యులేషన్ తెచ్చింది (1802), అన్నీ ఆయన హయాంలోనే. మన సర్కారు జిల్లాల్లో 1948 జమీందారీ రద్దు చట్టం వచ్చేదాకా నడిచిన జమీందారీలకు చట్టరూపం ఇచ్చింది ఆ రెగ్యులేషనే. అదే సమయంలో, 1801లో, హెన్రియెట్టా అన్న పెళ్లి కాకుండానే చనిపోయాడు. అప్పుల్లో ఉన్న పోవిస్ ఎస్టేటు అతని మేనల్లుడికి, అంటే హెన్రియెట్టా కొడుక్కి వచ్చింది. ఆ కుర్రాడు 1807లో క్లైవ్ పేరు వదిలి హెర్బర్ట్ అయ్యాడు. అలా ఇండియా డబ్బూ, వేల్స్ భూమీ ఒకే ఇంట్లో కలిశాయి.

ష్రూస్‌బరీ గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. ఊరు బాగుంటుంది, తిండికి ఇబ్బంది లేదు, ఇండియన్ రెస్టారెంట్లు చాలా ఉన్నాయి. నడిబొడ్డున స్క్వేర్‌లో రాబర్ట్ క్లైవ్ కంచు విగ్రహం ఉంది, 1860లో పెట్టింది. ఆయన ఈ ఊరికి ఎంపీ, కొన్నాళ్లు మేయరు కూడా. పోవిస్ ఎస్టేటు ఇంగ్లండ్ వైపు కూడా విస్తరించింది కాబట్టి క్లన్ ప్రాంతపు మేనర్ (భూస్వామ్య) రికార్డులు ఈ ఊళ్లోనే ష్రాప్‌షైర్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మేం స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చిన్న హోటల్లో దిగాం. గది ఇరుకైనా శుభ్రంగా ఉంది, పొద్దున టిఫిన్‌లో శాకాహారం విడిగా చేసిపెట్టారు. ఒక్క కోట చూసి వెనక్కి వచ్చేవాళ్లు ష్రూస్‌బరీలోనే దిగడం మేలు. అక్కణ్నుంచి వెల్ష్‌పూల్‌కి రైల్లో అరగంట కూడా పట్టదు.

వెల్ష్‌పూల్ స్టేషన్‌లో దిగాక కోటకి మైలున్నర నడక ఉంటుందనుకోండి. ఊరు దాటగానే పార్కులోంచి దారి. కాస్త ఎక్కుడే గాని చెట్ల మధ్యన నడుస్తుంటే తెలియదు, జింకలు కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ట్యాక్సీ ముందే మాట్లాడుకోవాలి. మేం తిరుగు ప్రయాణానికి చెప్పిన ట్యాక్సీ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి నడిచే వచ్చాం. చీకటి పడకముందే బయల్దేరాం కాబట్టి సరిపోయింది.

కోట ఎర్రరాతి కట్టడం. 1952 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. తోట అద్భుతం. 17వ శతాబ్దం చివర్లో కొండవాలుని మెట్లుమెట్లుగా చెక్కి కట్టిన టెర్రస్‌లు, వాటి మీదికి మబ్బుల్లా ఒరిగిన యూ చెట్ల కంచెలు. ఫొటోల కోసమే వచ్చేవాళ్లు సగం మంది ఉంటారు. పిల్లలతో వెళ్తే తోటలోనే పూట గడిచిపోతుంది. మెట్లు ఎక్కువ, వీల్‌చైర్‌తో కష్టం.

లోపల క్లైవ్ మ్యూజియం అనే గది దగ్గర మా నడక ఆగిపోయింది. 1987లో తెరిచారు, 300కి పైగా వస్తువులున్నాయి. టిప్పు సింహాసనం అంచున ఉండే బంగారు పులి తల అందులో ఒకటి. ఫొటోల్లో పెద్దదనిపిస్తుంది గాని చేతిలో ఇమిడేంత ఉంటుంది. కళ్లూ నుదురూ కెంపులు, పచ్చలు, వజ్రాలతో పొదిగారు. పక్కకి వంగి చూస్తే కోరలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అంత పనితనం చేసిన కంసాలి పేరు ఎక్కడా లేదు. టిప్పు గుడారం కూడా ఈ ఇంటి సొత్తే. పూల అద్దకం వేసిన నూలు బట్ట. ఆ గుడారాన్ని ఈ కుటుంబం తోటలో విందులకు వాడుకుందని తెలిసి మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. నాకూ అలాగే ఉండింది. ఓడిపోయిన రాజు డేరా కింద కూర్చుని టీ తాగడం ఎలా సాధ్యమైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గదిలో ఉన్న వాలంటీర్లు మర్యాదస్తులు. అడిగినదానికి దాచకుండా జవాబిచ్చారు. వలసపాలనతో తన కోటలకున్న సంబంధాల మీద నేషనల్ ట్రస్ట్ 2020లో ఒక నివేదిక వేసింది, పోవిస్ అందులో ఉంది. అయినా చూసి బయటికి వచ్చాక నాకు తృప్తి కలగలేదు. వస్తువు ఎక్కణ్నుంచి వచ్చిందో చెబుతారు. ఈ గోడలు, ఈ తోట, ఈ నౌకర్లు ఎవరి కష్టం మీద నిలబడ్డారన్నది గాజు అరల్లో పెట్టి చూపించగలిగేది కాదు.

వెల్ష్‌పూల్‌లో రాత్రి ఉండాల్సిన పనిలేదు. చిన్న ఊరు, సాయంత్రం ఆరు దాటితే చాలా షాపులు మూసేస్తారు. 1903లో మొదలైన చిన్న గేజి రైలు ఇప్పటికీ లాన్‌వైర్ కైరైనియన్ దాకా నడుపుతున్నారు. దాని పాత ఆవిరి ఇంజన్ల పేర్లు ‘ది ఎర్ల్’, ‘ది కౌంటెస్’. ఎర్ల్ అంటే పోవిస్ ప్రభువు బిరుదు, కౌంటెస్ ఆయన భార్య. రైలింజన్ పేర్లలో కూడా ఈ జమీందారూ ఆయన భార్యే. పిల్లలుంటే తప్పక ఎక్కించండి.

వెల్ష్‌పూల్ నుంచి అబెరిస్ట్‌విత్‌కి గంటన్నర. ఈ లైన్లో బళ్లు తక్కువ, ఒకటి తప్పితే చాలాసేపు కూర్చోవాలి, టైమ్ చూసుకునే బయల్దేరండి. మఖన్‌లెత్‌లో రైలు రెండుగా విడిపోతుంది, ఒక ముక్క ఉత్తరంగా వెళ్లిపోతుంది, కాబట్టి ఎక్కేటప్పుడే ఏ పెట్టె ఎటు పోతుందో గార్డుని అడగాలి. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే డవీ నది సముద్రంలో కలిసేచోటు చాలాసేపు కనబడుతుంది.

అబెరిస్ట్‌విత్‌లో బస విషయంలో మాకు దెబ్బ తగిలింది. సముద్రం ఎదురుగా గది అని బుక్ చేస్తే మూడో అంతస్తులో, లిఫ్ట్ లేకుండా, గోడ చెమ్మతో ఉన్న గది ఇచ్చారు. కిటికీలోంచి సముద్రం కనిపించిన మాట నిజమే, గాలికి ఆ కిటికీ రాత్రంతా కొట్టుకుంది. మర్నాడు ఊరి లోపల, స్టేషన్‌కి దగ్గర్లో ఒక చిన్న బి అండ్ బికి మారాం. తక్కువ డబ్బు, వెచ్చని గది, పొద్దున్నే ఇంటావిడ చేసిన బారా బ్రిత్. టీలో నానబెట్టిన ఎండుపళ్లతో చేసే రొట్టె అది, వెన్న రాసుకుని తింటే భలే ఉంటుంది. వానాకాలంలోనో చలికాలంలోనో వెళ్లేవాళ్లు సముద్రపు గదుల కోసం ఆరాటపడొద్దు. సాయంత్రం బీచ్ వెంట నడిస్తే అదే సముద్రం ఉచితంగా దొరుకుతుంది.

ఇక లైబ్రరీ. 1907లో ఏర్పడిన వేల్స్ జాతీయ గ్రంథాలయం పెన్‌గ్లైస్ కొండ మీద తెల్లగా నిలబడి ఊరంతటికీ కనబడుతుంది. ఎక్కుడు బాగా ఉంటుంది, స్టేషన్ నుంచి బస్సు ఎక్కండి. రీడర్స్ టికెట్ ఉచితం. పేరుకీ అడ్రస్‌కీ ఆధారాలు చూపించాలి. సంచులు లాకర్లో, పెన్నులు బయట, లోపలికి పెన్సిల్ మాత్రమే. పోవిస్ కాసిల్ ఎస్టేట్ రికార్డ్స్ అనే పెద్ద సంగ్రహం ఇక్కడుంది. ఏ కట్ట కావాలో కేటలాగులో చూసుకుని ముందే రాయాలి, లేకపోతే వెళ్లిన పూట వృథా. ఫొటోలకు అనుమతి కూడా ముందే కనుక్కోండి.

ఆ రీడింగ్ రూమ్ సిబ్బంది గురించి ప్రత్యేకంగా రాయాలి. మేం చరిత్రకారులం కాదు, యూనివర్సిటీ వాళ్లం కాదు, ఎందుకు చూస్తారని ఒక్కరూ అడగలేదు. కట్ట తెచ్చి, నురుగు దిండ్ల మీద ఎలా పరచాలో, బరువు తాళ్లు ఎక్కడ పెట్టాలో చూపించి, చదవలేకపోతే పిలవమని చెప్పి వెళ్లారు. మన దగ్గర పాత రికార్డు ఒకటి చూడటానికి ఎన్ని సంతకాలు కావాలో తెలిసినవాణ్ని కాబట్టి నాకు కళ్లు చెమర్చాయి.

మేం తెరిచింది ఒక మేనర్ కోర్టు చుట్ట, అంటే తోలు మీద రాసి చుట్టిపెట్టిన కోర్టు రికార్డు. భూస్వామి అధికారం చెల్లే ఒక్కో ప్రాంతం ఒక్కో మేనర్. పోవిస్ కింద కైరైనియన్, మెహైన్, మోఖ్నాంట్, దైద్దూర్, ఇలా చాలా ఉన్నాయి. ఇవి ఇంగ్లిషువాళ్లు కొత్తగా గీసిన గీతలు కావు. 1282–83లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌ని గెలిచినప్పుడు పోవిస్ పాలకులు ఆయన పక్షాన ఉన్నారు, అందుకే పాత వెల్ష్ కమోట్‌ల (మన పరగణాల్లాంటివి) హద్దులే మేనర్లుగా మిగిలాయి.

చుట్ట విప్పుతుంటే తోలు బిరుసుగా లేచి మళ్లీ ముడుచుకుంటుంది. ఒకవైపు నున్నగా తెల్లగా, రెండోవైపు పసుప్పచ్చగా, వెంట్రుకలు ఉన్నచోట సన్నటి చుక్కలతో ఉంటుంది. సిరా గోధుమరంగుకి దిగింది. 1733 దాకా, మధ్యలో 1650ల్లో కొన్నేళ్లు తప్ప, అంతా లాటినే, అదీ సగం సగం పొట్టి రాతల్లో. అయినా వరస అర్థమవుతుంది. పైన కోర్టు జరిగిన రోజు, స్టీవార్డ్ (భూస్వామి తరఫు అధికారి) పేరు. కింద ప్రమాణం చేసిన జ్యూరీ పేర్లు, జాన్ అప్ డేవిడ్ అప్ ఎవాన్ తరహాలో తాతల దాకా (‘అప్’ అంటే కొడుకు). తర్వాత వాళ్లు చెప్పిన సంగతులు: ఫలానా రైతు చనిపోయాడు, అతని పశువుల్లో మేలైనది ప్రభువుకి చెందుతుంది. ఫలానా వాడు బీడులోకి కంచె జరిపాడు. యజమాని లేని గుర్రం దొరికింది. ఎడమ అంచున చిన్న అక్షరాల్లో జుల్మానా అంకె. రైతు చావు ఒక పంక్తి, జుల్మానా ఒక పంక్తి. మన కరణాల కవిలెకట్టల్లో కూడా ఇలాగే ఊరంతా ఉండేది.

బీడు ఆక్రమణల పద్దులు చదువుతుంటే వెల్ష్ పల్లెల్లో ఉన్న ఒక నమ్మకం గుర్తొచ్చింది. ఒక్క రాత్రిలో ఇల్లు కట్టి, తెల్లవారేసరికి పొయ్యిలోంచి పొగ రప్పిస్తే ఆ జాగా తనదే అవుతుందని పేదలు నమ్మేవాళ్లు. టీ ఉన్నోస్ అంటారు ఆ ఇంటిని. చట్టం దాన్ని ఒప్పుకోలేదు. ఎస్టేటు వాళ్ల పుస్తకాల్లో అది ఆక్రమణే, దానికో అద్దె.

తర్వాతి కట్టల్లో శిస్తు పుస్తకాలు. డబ్బుతోపాటు కోళ్లు, దున్నకానికి కోతకి వెట్టిరోజులు. లాన్‌గనోగ్ సీసం గని లెక్కలు వేరు. 1692లో దొరికిన ఆ ఖనిజం 18వ శతాబ్దంలో ఈ ఇంటికి భారీగా డబ్బు తెచ్చింది. కోటలో బంగారు పులి దగ్గర నాకు దొరకని జవాబు ఇక్కడ, ఈ పద్దుల్లో దొరికింది. ఇండియా నుంచి వచ్చిన డబ్బు ఒక తరంలో వచ్చింది. కొండ రైతుల కోళ్లు, కూలి రోజులు, శతాబ్దాల తరబడి వచ్చాయి. రెండింటినీ ఒకే ఇల్లు తిన్నది.

హెన్రియెట్టా గురించి కూడా ఒక మాట. ఆమె 1800లో ఇద్దరు కూతుళ్లనూ, ఇటాలియన్ చిత్రకారిణి అన్నా టొనెల్లీనీ వెంటబెట్టుకుని మద్రాసు నుంచి బెంగళూరు, శ్రీరంగపట్నం, తంజావూరు మీదుగా వెయ్యి మైళ్లకు పైగా తిరిగింది. పారసీ నేర్చుకుంది, మొక్కలూ రాళ్లూ పోగుచేసింది. చిన్న కూతురు షార్లట్ తర్వాత విక్టోరియా రాణి చిన్నతనంలో ఆమెకు గవర్నెస్ అయింది. కోటలో హెన్రియెట్టా ప్రస్తావన ఉంది గాని ఇంకా ఎక్కువ చోటు ఇవ్వాల్సిన మనిషి.

టైమ్ ఉంటే రెక్సమ్ దగ్గర ఎర్దిగ్ కూడా చూడండి, నౌకర్ల చిత్రపటాలు గీయించి కింద పద్యాలు రాయించిన జమీందారీ ఇల్లు అది. బాంగర్ పక్కన పెన్‌రిన్ కోట ఉంది, జమైకా చెరకుతోటల డబ్బుతో ఎదిగిన కుటుంబానిది. భవనం చూస్తే పోవిస్ కన్నా ఘనం, నాకు మాత్రం అక్కడ ఊపిరాడలేదు.

నన్నడిగితే మొదట కోట, తర్వాత లైబ్రరీ. రీడింగ్ రూమ్‌కి రెండు పూర్తి రోజులు ఉంచుకోండి, మొదటి రోజు చేతిరాత అలవాటు కావడానికే పోతుంది. వేల్స్ దాకా వెళ్లలేనివాళ్లకి ఇంట్లోంచే చూసే దారి కూడా ఉంది. 1836 చట్టం తర్వాత టైథ్ (చర్చికి పంటలో పదోవంతు ఇచ్చే పన్ను) లెక్క కోసం ఊరూరా గీసిన పటాలను ఈ లైబ్రరీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. 1858కి ముందు రాసిన వీలునామాలు కూడా అంతే. ఏ పొలం ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నారు అన్నది పటంలో గడి గడికీ నొక్కి చూసుకోవచ్చు. వెల్ష్‌పూల్ చుట్టుపక్కల నొక్కితే భూమి యజమాని గడిలో ఎర్ల్ ఆఫ్ పోవిస్ పేరు ఎన్నిసార్లు వస్తుందో చూడండి.