గాలికా, నీళ్లకా అని ముందుగా అడిగే అంగడి

చెన్నై ప్యారిస్ కార్నర్ దగ్గర సెంబుదాస్ వీధిలో పైపులు, వాల్వులు, ఫిట్టింగులు అమ్మే అంగళ్లు వరుసగా ఉంటాయి. వాటిలో బోర్డు మీది అక్షరాలు వెలిసిపోయి, గుమ్మానికి ఇత్తడి వాల్వులు తోరణంలా వేలాడే ఒక చిన్న అంగడి గురించి, ఆ అంగడివారు మర పనులు చేయించే అంబత్తూరు లేత్ షెడ్డు గురించి రాస్తున్నాను. సరదాకో, పిల్లల చదువుకో బంగాళాదుంప ఫిరంగి, నీటి రాకెట్టు వంటివి చేసుకోవాలనుకునేవారికి మన ఊళ్లో ఇంతకంటే నమ్మదగిన చోటు నాకు ఇంతవరకు కనబడలేదు. వారు నాకు ఒక సరుకు అమ్మడానికి నిరాకరించిన రోజునే ఆ నమ్మకం కుదిరింది.

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పాఠశాల ప్రదర్శనకు బంగాళాదుంప ఫిరంగి చేస్తానంటూ అమెరికావారి నమూనా చిత్రం ఒకటి పట్టుకొచ్చాడు. అందులో హెయిర్ స్ప్రే ఆవిరిని నిప్పురవ్వతో అంటించే పద్ధతి ఉంటే, దాన్ని ఆ రోజే పక్కన పెట్టించాను. సైకిలు పంపుతో గాలి నింపితే ప్రమాదమేమీ ఉండదని మాత్రం నేనే అనుకున్నాను. అది నా తప్పు.

ఆ చిత్రంలోని గొట్టం రెండంగుళాలది. అమెరికాలో రెండంగుళాల పీవీసీ పైపు అంటే వెలుపలి వ్యాసం 60.3 మిల్లీమీటర్లు. మన దగ్గర ఐఎస్ 4985 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తయారయ్యే నీటి పైపులను వెలుపలి వ్యాసంతోనే కొలుస్తారు కాబట్టి, ప్లంబర్లు రెండంగుళాలని పిలిచే ఆ పైపు నిజానికి 63 మిల్లీమీటర్లది. అమెరికా కొలతల షెడ్యూల్ 40 పైపులు కూడా ఇక్కడి బజారులో దొరుకుతాయి కనుక, ఒకే పేరు మీద రెండు కొలతలు నడుస్తున్నాయి. ఒకదాని కప్లింగు మరొకదానికి పట్టదు. ఈ తేడా తెలియక అతుకుల కోసం తిరిగి తిరిగి, చివరికి ఇంట్లోనే ఫిట్టింగు చేసుకునేవారిలో నేనూ ఒకణ్ణి.

పెరంబూరులో మా ఇంటికి దగ్గరున్న ఒక అంగడివారు అప్పుడు నాకు మురుగునీటి పైపు ముక్క ఇచ్చి, ఎంత గాలికైనా తట్టుకుంటుందన్నారు. దాని ఒంటి మీద ఐఎస్ 13592 అని అచ్చయి ఉంది. మురుగునీరు, వాననీరు వాలుగా పారడానికి చేసే పైపు అది. లోపలి ఒత్తిడిని తట్టుకోవడానికి చేసింది కాదు. నేను ఆ అచ్చు చదవలేదు. పైపు చివరను గ్యాసు పొయ్యి మీద తిప్పుతూ వేడిచేసి, మెత్తబడ్డాక లావు పైపు మీదికి తొడిగి, పైపులు అతికించే సాల్వెంట్ సిమెంటు పూశాను. నీళ్ల పైపులకు ఈ పని చేసే ప్లంబర్లు చాలామందే ఉన్నారు. అలా సాగదీసిన చోట పైపు గోడ పలచబడి, అన్నిటికంటే బలం కావలసిన అతుకే బలహీనమవుతుంది. పంపు ఇరవై సార్లు కొట్టేసరికి అతుకు ఊడి, మూత ఎగిరి మేడ మీది నీళ్ల ట్యాంకుకు తగిలింది. పిల్లవాడు నా వెనుక నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఊడిన ముక్కను సంచిలో వేసుకుని మర్నాడు సెంబుదాస్ వీధికి వెళ్లాను. 63 నుంచి 60.3కి రెడ్యూసరు, అంటే కొలత తగ్గించే అతుకు, కావాలని అడగగానే, అంగడి పెద్దాయన లెక్కల పుస్తకం మీది నుంచి తల ఎత్తి, "గాలికా బాబూ, నీళ్లకా?" అన్నారు. గాలికి అని చెప్పాను. "గాలికైతే పీవీసీ ఇవ్వను" అని, కుర్రవాణ్ణి పిలిచి నాకు స్టూలు వేయించారు. వారి తాతగారు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టారట.

ఆయన చెప్పిన విషయం ప్రతి అభిరుచిదారుడూ తెలుసుకోవలసింది. పైపు మీద (చదరపు సెంటీమీటరుకు) 6 కిలోల ఒత్తిడి అని రాసి ఉంటే అది నీటికి చెప్పిన లెక్క. నీరు దాదాపుగా నలగదు కాబట్టి, నీళ్లు నిండిన పైపు చిట్లితే కాస్త నీరు బయటికి రాగానే ఒత్తిడి పడిపోతుంది. గాలి అలా కాదు. నొక్కిన గాలి మొత్తం స్ప్రింగులా శక్తిని దాచుకుని ఉంటుంది, పైపు విరిగిన క్షణంలో అదంతా ఒక్కసారిగా విచ్చుకుంటుంది. పీవీసీ సాగి చిరిగే పదార్థం కాదు, పెంకులుగా పగిలేది. ఎండలో కొన్నాళ్లు పడి ఉన్న పైపైతే మరింత పెళుసు. అందుకే నొక్కిన గాలికి పీవీసీ వాడవద్దని పైపుల తయారీదారులే హెచ్చరిస్తారు. ఆ మాటలు చెబుతూ ఆయన నా ముక్కను తీసుకుని, సాగదీసిన అంచును వెర్నియర్ కాలిపర్ దవడల మధ్య పెట్టి చూపించారు. ఒకవైపు మూడు మిల్లీమీటర్లకు దగ్గరగా ఉన్న గోడ మరోవైపు రెండుకు కూడా రాలేదు. పొయ్యి మీద సమంగా తిప్పాననే అనుకున్నాను!

అమ్మననడంతో ఆయన ఊరుకోలేదు. పిల్లవాడు ఏం చూపించాలనుకుంటున్నాడో ఓపికగా అడిగి తెలుసుకుని, చేతితో నొక్కే చిన్న దుంప తుపాకీ ఒకటి, సీసాతో ఎగిరే నీటి రాకెట్టు ఒకటి చేయించుకోమని సలహా ఇచ్చారు. మొదటిది చిన్నప్పుడు మేము వెదురు గొట్టంలో పచ్చి కాయలు కూరి, పుల్లతో తోసి టప్పుమనిపించిన ఆటవస్తువే. గొట్టం రెండు చివరలా దుంప బిళ్లలు పట్టించి వెనుకదాన్ని కర్రతో నెడితే, మధ్యనున్న గాలి నలిగి ముందుబిళ్లను తోసేస్తుంది. చోటు సగమైతే ఒత్తిడి రెట్టింపవుతుందన్న బాయిల్ సూత్రం, 1662లో అచ్చయినది, పిల్లవాడి అరచేతికి తెలిసివస్తుంది. ముందుబిళ్ల ఎగిరిన మరుక్షణం అందులో ఒత్తిడి మిగలదు.

అంబత్తూరు షెడ్డులో రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మెషిన్ ఉన్నాయి. టర్నర్ తిరుత్తణి వైపు మనిషి, తెలుగులోనే మాట్లాడాడు. తుపాకీకి నేను తీసుకెళ్లిన జీఐ (జింకు పూత ఇనుప) పైపు ముక్కలో చిటికెన వేలు పెట్టి తిప్పి, "లోపల వెల్డింగు గీత ఉంది సార్, దుంప దాన్ని ఆనుకుని కూర్చోదు, గాలి పోతుంది" అన్నాడు. నేనూ వేలు పెట్టి చూశాను. నిలువునా వెంట్రుకంత గట్టు తగిలింది. దాని బదులు అతుకులేని అల్యూమినియం గొట్టం, లోపలి వ్యాసం 16, పొడవు 300 మిల్లీమీటర్లు, తీసుకుని రెండు చివరలనూ బయటివైపు నుంచి ఏటవాలుగా చెక్కి పదును పెట్టాడు. ఏటవాలు బయటివైపే ఉండాలి. లోపలివైపు చెక్కితే దుంప బిళ్ల గొట్టం కంటే పెద్దదిగా తెగి, లోపలికి పోయేటప్పుడు చితికిపోతుంది. ఇప్పుడు గొట్టాన్ని దుంపలోకి గుచ్చి తీస్తే సరిగ్గా సరిపడే బిళ్ల దానంతటదే వస్తోంది.

రాకెట్టు పని ఇంతకంటే సున్నితమైనది; సీసాలోకి గాలి నింపే ముక్కు దాని మూతిలో బిగుతుగా పట్టాలి. శీతలపానీయపు సీసా మూతి లోపలి వ్యాసం 21.7 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటుంది. అమెరికా అరంగుళం పైపు వెలుపలి వ్యాసం 21.3 కావడం వల్ల వారికి అది ఒక ఓ రింగుతో (గాలి కారకుండా పెట్టే రబ్బరు వలయంతో) సరిపోతుంది; మన 20 మిల్లీమీటర్ల పైపు వదులై బుసబుసమని కారుతుంది. అందుకని ఇత్తడి కడ్డీ నుంచి 21.3 మిల్లీమీటర్ల ముక్కు చేయించి, 2 మిల్లీమీటర్ల మందమున్న ఓ రింగు కూర్చోవడానికి గాడి పెట్టించాను. రెండో చివర అరంగుళం మరలు. రాకెట్టు నమూనా చిత్రంలో అమెరికా ప్రమాణపు ఎన్‌పీటీ మరలని ఉంది. మన వాల్వులకూ ఫిట్టింగులకూ ఉండేవి బ్రిటిష్ ప్రమాణపు బీఎస్‌పీ మరలు. అరంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 మరలే కాబట్టి మొదటి రెండు చుట్లు హాయిగా ఎక్కి మనల్ని నమ్మిస్తాయి, కానీ ఒకదాని కోణం 60 డిగ్రీలు, మరొకదానిది 55. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా ఆ సందు నమ్మకంగా పూడదు. టర్నర్ గేజి ఆకును మరల మీద ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టి, పళ్ల పక్కన సన్నగా వెలుగు కనబడటం నాకు చూపించాకే బీఎస్‌పీ మరలు కోశాడు.

ఇక లోటుపాట్లు. మొదటి ముక్కులో గాడి లోతెక్కువైంది. గాడి అడుగు వ్యాసం 18.4 ఉండాల్సిన చోట 18 వచ్చింది. ఓ రింగు కావలసినంత నలగక, సబ్బునీరు రాస్తే బుడగలు వచ్చాయి. లోతుగా పోయిన గాడిలో లోహం తిరిగి పెట్టలేం కాబట్టి, ఆ ముక్కను తూకానికి పక్కన పడేసి, కొత్త ఇత్తడితో మళ్లీ చేసి ఇచ్చారు. అదనంగా పైసా తీసుకోలేదు. అయితే మూడు రోజులన్న పనికి తొమ్మిది రోజులు పట్టింది, ఫోన్ చేస్తే ప్రతిసారీ "రేపు" అన్నారు. ప్రదర్శన తేదీ దగ్గరపడుతున్న పిల్లవాడికి ఆ రేపులు చాలా బరువు. బిల్లు అడిగితే తప్ప ఇవ్వరు. గొట్టానికి, ముక్కుకు, ఓ రింగులకు కలిపి నాకు 1,150 రూపాయలైంది. చేతి పనికి ఇది తక్కువేనని నా అభిప్రాయం.

కొత్త ముక్కును ముందు సీసా నిండా నీళ్లు నింపి పరీక్షించాం, ఆ తర్వాతే గాలి. గేజిలో 3 కిలోలు చూపించాక పది నిమిషాలు ఆగినా ముల్లు కదలలేదు. పాఠశాల మైదానంలో పిల్లలందరినీ తాడు వెనుక నిలబెట్టి, పొడవాటి దారంతో లాగి వదిలాం. మూడింట ఒక వంతు నీళ్లు పోసిన సీసా వేపచెట్టు కొసను దాటిపోయింది.

ఆ అంగడికి వెళ్లదలచినవారు ఉదయం పదకొండు లోపు వెళ్లండి. తర్వాత టోకు బేరగాళ్లు వస్తారు, పెద్దాయనకు మాట్లాడే తీరిక ఉండదు. సీసాగానీ, వాల్వుగానీ, ఫిట్టింగు దేనికి పట్టాలో ఆ వస్తువును వెంట తీసుకెళ్లండి. నోటిమాట కొలతతో వారు లోహం కోయరు.