మైక్ కూతకు ఏ ఈక్యూ: గ్రాఫిక్కా, పారామెట్రిక్కా?

స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం మళ్లీ మైక్‌లోకి దూరి, తిరిగి స్పీకర్‌లోకి వెళ్తూ పెరిగిపోతే కూత మొదలవుతుంది. దాన్ని ఆపడానికి కూసే ఫ్రీక్వెన్సీని ఈక్యూతో (ఈక్వలైజర్, అంటే శబ్దంలో ఒక్కో ఫ్రీక్వెన్సీ భాగాన్ని విడిగా పెంచే, తగ్గించే సాధనం) తగ్గిస్తాం. అందుకు 31 బ్యాండ్ల (ఫ్రీక్వెన్సీ భాగాల) గ్రాఫిక్ ఈక్యూ వాడాలా, పారామెట్రిక్ వాడాలా?

గ్రాఫిక్‌లో పని త్వరగా అవుతుంది. కళ్ల ముందే వరసగా స్లైడర్లు. కూత వినగానే చెయ్యి అక్కడికే వెళ్తుంది, దించేస్తాం. కానీ దాని ఫ్రీక్వెన్సీలు ముందే ఖాయం. కూత 2,240 హెర్ట్జ్ దగ్గర వచ్చిందనుకోండి. స్లైడర్లు ఉన్నది 2,000 దగ్గర, 2,500 దగ్గర. రెండూ దించాల్సి వస్తుంది, దాంతో మాటలోని స్పష్టత కూడా పోతుంది. ఇలా ఐదారు చోట్ల కోస్తే గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది.

పారామెట్రిక్‌లో సరిగ్గా 2,240కే వెళ్లి, క్యూ విలువ (కోత ఎంత సన్నగా ఉండాలో చెప్పేది) పెంచి, సన్నగా కోయొచ్చు. పక్కనున్న ధ్వని దాదాపు అలాగే మిగులుతుంది. అయితే ఫ్రీక్వెన్సీ కచ్చితంగా పట్టుకోవాలి, దానికి చెవికి అలవాటు కావాలి. మరీ సన్నగా కోస్తే మనిషి మైక్ పట్టుకుని రెండడుగులు జరగగానే కూత పక్క ఫ్రీక్వెన్సీలో లేస్తుంది. బ్యాండ్లు కూడా తక్కువే, చాలా మిక్సర్లలో ఛానెల్‌కి నాలుగే.

నేనైతే ప్రోగ్రాం ముందు గెయిన్ (మైక్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పేది) మెల్లగా పెంచుతూ, మొదట మోగిన రెండు మూడు చోట్ల పారామెట్రిక్‌తో కోస్తాను. మధ్యలో హఠాత్తుగా కూస్తే మాత్రం గ్రాఫిక్కే. ఏది వాడినా, ముందు మైక్‌ను స్పీకర్ ఎదురు నుంచి తప్పించండి.