పరిశోధకుల శిక్షణ: పరాయి దేశంలో మేలా, పల్లె ఆసుపత్రిలో మేలా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ మూలం హెచ్‌పీవీ అనే వైరసే. అందువల్ల దాని నివారణపై పరిశోధించదలచినవారు అంటువ్యాధుల శాస్త్రాన్ని కూడా క్షుణ్ణంగా నేర్వక తప్పదు. హెచ్‌ఐవీ సోకిన స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు సుమారు ఆరు రెట్లు ఎక్కువ. మరి యువ వైద్యులకు, నర్సులకు ఈ చదువు ఎక్కడ చెప్పించాలి?

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో భాగమైన ఫోగర్టీ కేంద్రం 1988 నుంచి ఎయిడ్స్ పరిశోధనలో ఇతర దేశాల వారికి శిక్షణ ఇప్పిస్తోంది. గణాంక శాస్త్రం, వైరస్ ప్రయోగశాల, పరిశోధన పత్రాల రచన అక్కడ బాగా పట్టుబడతాయనడంలో సందేహం లేదు. అయితే గర్భాశయ ముఖద్వార కణాలను సేకరించి సూక్ష్మదర్శినిలో చూసే పాప్ పరీక్షకు కావలసిన నిపుణులు, స్త్రీలు మళ్లీ మళ్లీ రాగల వీలు ఉన్నచోట పుట్టిన ప్రశ్నలనే విద్యార్థి తన ప్రశ్నలుగా భావించే ప్రమాదం ఉంది.

క్షేత్రంలో నేర్చుకున్నవారి చూపు వేరు. గర్భాశయ ముఖద్వారంపై పలచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి, క్యాన్సర్ ముందుదశను సూచించే, అంచు స్పష్టంగా కనిపించే దట్టమైన తెల్లమచ్చకూ, ఏదో ఇన్ఫెక్షన్ వాపు వల్ల వచ్చిన మసక తెలుపుకూ తేడా గుర్తించడం పుస్తకంతో రాదు, పదుల సంఖ్యలో స్త్రీలను పరీక్షించాకే వస్తుంది. జాంబియాలో 2006 నుంచి హెచ్‌ఐవీ చికిత్సా కేంద్రాలతో జతచేసి నర్సులకు నేర్పినది ఈ పద్ధతినే. ముంబయి మురికివాడల్లో ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్ష చేసిన అధ్యయనంలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

పరిశోధనలో పాల్గొనేవారి సమ్మతి సంగతి మన తెలుగువారికి మరీ దగ్గరిది. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో చాలా సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ పనిని నిలిపివేసింది. అధ్యయన కాలంలో జరిగిన కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చినా, సమ్మతి తీసుకోవడంలో జరిగిన తప్పు తప్పే. ఒక తల్లి పక్కన కూర్చుని ఆమె మాటల్లోనే విషయం వివరించడం ఆ ఊళ్లోనే అలవడాలి.

స్థానిక శిక్షణకూ లోటు ఉంది: అనుభవజ్ఞులైన గురువులు తక్కువ, గణాంక బోధన పలచన. అందుకే నా ఓటు క్షేత్రానికే అయినా, ఏడాది పని చేశాక తాము సేకరించిన వివరాలతోనే కొన్ని నెలలు విదేశానికి పంపాలంటాను. తిరిగి వచ్చినప్పుడు ఉద్యోగం, ప్రయోగశాలలో చోటు ఉంటాయని ప్రయాణానికి ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి.