రాయిలా గడ్డకట్టే గ్లేజుతో మూడేళ్లు

మట్టి గిన్నెల మీద పూసి కాలిస్తే గాజులాంటి పొరగా మారేదే గ్లేజు. సగం మెరుపుతో ఉండే (సెమీ మ్యాట్) ఈ తెల్లని గ్లేజు పొడిని మూడేళ్లుగా వాడుతున్నాను. రంగు గురించి, 1220 డిగ్రీల దగ్గర కాల్చడం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నా బాధంతా ఒక్కదాని గురించే: నీటిలో కలిపిన తర్వాత ఇది బకెట్టు అడుగున రాయిలా గడ్డకడుతుంది. వారం రోజులు కదపకపోతే కర్ర దిగదు.

మొదటి ఏడాది దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అడిగినవారందరికీ ఇదే కొనమని, కర్రతో బాగా తిప్పితే చాలని చెప్పాను. తర్వాత ఒకసారి పన్నెండు గిన్నెలు కాల్చాను. మొదట ముంచిన నాలుగింటిలో పూత పలచబడి మట్టి రంగు కనిపిస్తోంది. చివరి మూడింటిలో గ్లేజు మందంగా పట్టి, కిందికి కారి, బట్టీ పలకకు అతుక్కుపోయింది. అన్నింటినీ ముంచింది ఒకే బకెట్టులో, రెండేసి సెకన్లే.

పదార్థాల పట్టికలో మొదటిది నెఫలీన్ సయనైట్ అనే రాతిపొడి. దాని నుంచి సోడియం కొద్దికొద్దిగా నీటిలోకి కరుగుతుంది. అప్పుడు రేణువులు ఒకదానికొకటి దూరం జరిగి, విడివిడిగా కిందికి దిగి, బిగుసుకుపోతాయి. ప్యాకెట్టు మీద ఈ హెచ్చరిక ఒక్క ముక్క కూడా లేదు. నా కోపం దాని మీదే.

విరుగుడుగా, రేణువులను మళ్లీ దగ్గరికి చేర్చే ఎప్సం ఉప్పు (మెగ్నీషియం సల్ఫేట్) వేశాను, అదీ ఎక్కువగా. గ్లేజు చిక్కబడిందని నీళ్లు కలిపాను. అసలు నష్టం అక్కడ జరిగింది. చూపుకు చిక్కగా ఉన్నంత మాత్రాన అందులో పొడి ఎక్కువ ఉన్నట్టు కాదు. నీరు ఎక్కువైన పూత ఆరేటప్పుడే సన్నగా నెర్రెలు విచ్చింది. వాటిని వేలితో రుద్ది పూడ్చి బట్టీలో పెట్టాను. కాల్పులో సరిగ్గా ఆ గీతల దగ్గరే గ్లేజు వెనక్కి ముడుచుకుని, బొట్లు బొట్లుగా నిలిచి, మట్టి బయటపడింది. గిన్నెల మీద దుమ్మో, చేతి జిడ్డో కారణమనుకుని మరో రెండు కాల్పుల వరకు గిన్నెలు కడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు ముందుగా సన్నని జల్లెడ (80 మెష్, అంటే అంగుళం పొడవుకు 80 కన్నాలు) పట్టి, 100 మిల్లీలీటర్లు 145 గ్రాములు తూగేలా నీటిని సరిచేస్తాను. ఆ తర్వాతే, వేడినీటిలో కరిగించిన ఎప్సం ఉప్పును చుక్కలు చుక్కలుగా కలుపుతాను. గిర్రున తిప్పి చేయి తీస్తే సుడి కొన్ని సెకన్లలో ఆగి, ఒక్క పిసరు వెనక్కి జరగాలి. అక్కడితో ఆపేస్తాను. పైన తేరిన నీటిని పారబోయను; కరిగినవన్నీ దానితోపాటే పోతాయి.

ఇలా కుదిరినప్పుడు ఈ గ్లేజు అందం చెప్పలేను! నిలువు గోడ మీద కూడా చారలు లేకుండా సమంగా పట్టుకుంటుంది. ముంచి తీశాక చివరి చుక్క దానంతటదే ఆగిపోతుంది. కానీ అన్ని మట్టులకూ ఇది సరిపోతుందని ఒకప్పుడు నేను చెప్పింది తప్పు. ముదురు రంగు మట్టి మీద, గరిష్ఠ వేడి దగ్గర పావుగంట నిలిపినా, సూదిబెజ్జాలు కొన్ని మిగులుతున్నాయి.

నెలకు ఒకసారి పూతపని పెట్టుకునే నాకు ఈ గడ్డ పెద్ద సమస్య. రోజూ బకెట్టు కదిపేవారికి ఇది ఎదురుకాకపోవచ్చు. ఇంకా మూడు కిలోల పొడి ఉంది. అది అయ్యాక బహుశా మళ్లీ ఇదే కొంటాను. నెఫలీన్ తక్కువగా ఉండి, ఇదే తెలుపునిచ్చేది దొరికితే మాత్రం ముందు దాన్ని ఒక చిన్న డబ్బాలో కలిపి నెల రోజులు కదపకుండా ఉంచి చూస్తాను.