లూర్‌కు ఏ గాలం? ఇన్‌లైన్ సింగిల్ గాలాలపై సమీక్ష

భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఒడ్డు దాకా లాక్కొచ్చిన పండుగప్ప ఒకటి ఆఖరు నిమిషంలో తప్పించుకున్నాక, లూర్‌ను (చేపలా కనిపించే కృత్రిమ ఎరను) చేతిలోకి తీసుకుని చూస్తే, పొట్ట కింది మూడు ముళ్ల గాలంలో రెండు ముళ్లు తిన్నగా సాగిపోయి ఉన్నాయి. లూర్‌లో లోపమేమీ లేదు. తయారీదారు దానికి తగిలించి పంపిన గాలాలే పలుచని తీగవి. పండుగప్ప నీళ్లపైకి ఎగిరి తల విదిలించే చేప కాబట్టి, మూడు ముళ్లలో ఒకటి దవడ లోపల, మరొకటి బయట దిగినప్పుడు ఒకదాని ఆసరాతో రెండోదాన్ని తానే పెకలించుకుంటుంది. అందుకే నా దగ్గరున్న ఐదు లూర్లకు మూడు ముళ్లవి తీసివేసి, ఒంటి ముల్లున్న ఇన్‌లైన్ సింగిల్ గాలాలు తగిలించి, భీమిలిలోనూ విశాఖపట్నం తెన్నేటి పార్కు కింది రాళ్ల మీదా కొన్ని నెలల పాటు వాడి చూశాను.

మామూలు గాలానికి కన్ను, అంటే కాడ పైనుండే రంధ్రం, వంపుకు అడ్డంగా ఉంటుంది. ఇన్‌లైన్ గాలానికి కన్ను వంపు ఉన్న తలంలోనే, స్ప్లిట్ రింగ్ (గాలాన్ని లూర్‌కు తగిలించే చుట్టల రింగు) సులువుగా పట్టేంత పెద్దదిగా ఉండడం వల్ల గాలం పక్కకు తిరగకుండా లూర్ వెంట తిన్నగా వేలాడుతుంది. నార్వేలో 1832లో మొదలైన ముస్టాడ్, ఫ్రాన్సుకు చెందిన వీఎంసీ, జపానుకు చెందిన ఓనర్ వంటి కంపెనీలన్నీ వీటిని తయారు చేస్తున్నాయి. అయితే ఒక కంపెనీ 1/0 సైజు గాలం మరొక కంపెనీ 1/0తో సరిపోతుందని అనుకోకూడదు. ప్యాకెట్ మీది అంకెను నమ్మడం కంటే మొనకూ కాడకూ మధ్య ఎడం లూర్ మందాన్ని దాటుతోందో లేదో పక్కన పెట్టి చూసుకోవడమే మేలు. కొత్తవారిని తికమక పెట్టే సంగతి మరొకటి ఉంది: 6, 4, 2, 1 అంటూ అంకె తగ్గే కొద్దీ గాలం పెద్దదవుతుంది, ఆ తరువాత 1/0, 2/0 అంటూ అంకె పెరిగే కొద్దీ పెద్దదవుతుంది. 4వ నంబరు మూడు ముళ్ల గాలం ఉన్న నా పదకొండు సెంటీమీటర్ల లూర్‌కు 1/0 సింగిల్ సరిపోయింది.

నేను అన్నిటికంటే ఎక్కువగా తలబద్దలు కొట్టుకున్నది బరువు దగ్గర. నా చిన్న తూకం మీద పాత గాలం ఒక్కొక్కటి గ్రామున్నరకు అటూ ఇటూగా తూగితే, సింగిల్ గ్రాముకు కొంచెం తక్కువే ఉంది. ఈ తేడా తక్కువగా కనిపించినా, నీటి మధ్యలో నిలవవలసిన లూర్ మెల్లగా పైకి తేలడానికి అదే చాలు. ఇంట్లో బకెట్ నీళ్లలో పరీక్షించి సంతృప్తి పడడం నేను చేసిన పొరపాటు, ఎందుకంటే ఉప్పునీటి సాంద్రత ఎక్కువ కాబట్టి కుళాయి నీళ్లలో కదలక నిలిచిన లూర్ సముద్రంలో పైకి లేస్తుంది. వానల తరువాత గోస్తనీ మొగ దగ్గర నీటిలో ఉప్పు తగ్గినప్పుడు అదే లూర్ మళ్లీ వేరేగా ప్రవర్తించింది. చివరకు లూర్‌ను వాడే నీటిలోనే, ఒడ్డు పక్కన రెండు మూడు సార్లు లాగి, దాని ఊపు చూసి నిర్ణయించుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఈ పాఠం తీగ మందానికీ వర్తిస్తుంది. 4ఎక్స్ అని రాసి ఉన్న (ఎక్స్ ముందు అంకె పెరిగే కొద్దీ తీగ లావు) గాలం సాగకపోవడం నిజమే కానీ, అది బరువుతో లూర్ ఊపును చంపుతుంది. పైగా మెత్తటి రాడ్‌తో లాగితే చేప నోట్లో పూర్తిగా దిగదు. ఒడ్డు నుంచి పార, మధ్యరకం పండుగప్ప పట్టేవారికి 2ఎక్స్ చాలునని నా అభిప్రాయం.

మొన పదునుకు బొటనవేలి గోరే పరీక్ష: మెల్లగా గీస్తే గాలం జారిపోకుండా గోరును పట్టుకోవాలి. పూత ఎంత మంచిదైనా, ఇంటికి వచ్చాక మంచినీటిలో కడిగి ఆరబెట్టకుండా డబ్బాలో పెడితే ఒక గాలం తుప్పు పక్క లూర్లకూ అంటుకుంటుంది. తుప్పుకు భయపడి స్టెయిన్‌లెస్ స్టీలు వైపు నేను వెళ్లలేదు, ఎందుకంటే దారం తెగి చేప నోట్లో మిగిలిపోతే అది ఏళ్ల తరబడి కరగదు.

సింగిల్ గాలాలతో రాళ్ల సందుల్లో లూర్ చిక్కుకోవడం బాగా తగ్గింది. వదిలిపెట్టవలసిన చిన్న చేపను విడిపించడం కూడా తేలికైంది, ముఖ్యంగా మొన కింద వెనక్కి తిరిగి ఉండే ఎదురు ముల్లును ప్లయర్‌తో నొక్కేసినప్పుడు. ఎగిరిపడే చేప నోట్లోంచి మూడు ముళ్ల గాలం తీస్తూ వేలు చీల్చుకున్నవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. ముందు గాలం మొన లూర్ ముక్కు వైపు, వెనకది పైకి ఉండేలా తగిలిస్తే రెండూ ఒకదానికొకటి పట్టుకోవడం లేదు.

లోటు లేకపోలేదు. చిన్న పార పిల్లలు లూర్‌ను పక్క నుంచి తాకి వెళ్లిపోయే దెబ్బల్లో చాలావరకు సింగిల్‌కు దక్కలేదు. అందువల్ల నీటిపై తేలుతూ వచ్చే చిన్న లూర్‌కు మాత్రం మూడు ముళ్ల గాలాన్నే, కాస్త మందపు తీగది చూసి, మళ్లీ తగిలించాను.